ఫోను పుస్తకం బయటపెట్టిన లోపాలు: ఒక పచ్చళ్ల ఆన్‌లైన్ దుకాణం కేస్ స్టడీ

గోదావరి జిల్లాల్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్మే కుటుంబం అది. ఊళ్లో దుకాణం పాతది, ఆన్‌లైన్ దుకాణం కొత్తది. యజమాని నన్ను పిలిచినప్పుడు చెప్పిన పని ఒక్కటే: "సైటు పాతబడినట్టు కనిపిస్తోంది, రంగులు మార్చి కొంచెం హుందాగా చేయండి." ఆన్‌లైన్ దుకాణాల్లో కొనేవారికి ఎక్కడ ఇబ్బంది అవుతోందో కనిపెట్టి దాన్ని తీసేయడం నా వృత్తి. రంగుల గురించి అడిగినవారికి నేను వెంటనే రంగుల గురించి జవాబు చెప్పను. దుకాణం పేరు, అమ్మకాల అంకెలు వారి సొంత విషయాలు కనుక ఇక్కడ రాయడం లేదు.

నిజానికి సైటు చూడటానికి బాగానే ఉంది. మొదటి పేజీలో రోకట్లో ఆవాలు దంచుతున్న వీడియో, కింద వరుసగా ఎర్రటి సీసాలు. ఆర్డర్లు వస్తున్నాయా అని అడిగితే "బాగానే వస్తున్నాయి" అన్నారు. ఎక్కడి నుంచి అని మళ్లీ అడిగితే అసలు సంగతి తెలిసింది. జనం సైటు చూస్తున్నారు, చూసి ఫోను చేస్తున్నారు, లేదా వాట్సాప్‌లో రాస్తున్నారు. చివరిదాకా సైటులోనే కొని వెళ్లేవారు తక్కువ. హోటల్లో గోడకు వేలాడదీసిన ధరల పట్టికకూ ఈ సైటుకూ పెద్ద తేడా లేదు.

ఫోను ఎత్తేది యజమాని తల్లిగారు. ఆమె దగ్గర ఒక పొడుగాటి ఖాతా పుస్తకం ఉంది. ఎవరు చేశారు, ఏ ఊరు, ఏమి అడిగారు, తను ఏమి చెప్పారు అన్నది ఫోనుకు ఒక వరుస చొప్పున రాసుకుంటారు. ఎవరూ రాయమనలేదు, దుకాణంలో కూర్చున్న నాటి నుంచీ ఆమెకు అది అలవాటు. ఆ పుస్తకం నా చేతికి వచ్చాక సైటు చూడటం ఆపేసి రెండు రోజులు దాన్నే చదివాను. కంప్యూటర్ లెక్కలు కొనేవాడు ఏ పేజీలో వెళ్లిపోయాడో చెబుతాయి. ఏమి తెలియక వెళ్లిపోయాడో ఈ పుస్తకంలో ఉంది.

"మాగాయలో వెల్లుల్లి వేస్తారా?" "ఈ ఆవకాయ ఈ ఏడాదిదేనా?" "వరంగల్‌కు కొరియర్ ఎంత పడుతుంది?" "డబ్బు కట్టాను, ఆర్డరు వచ్చిందా?" "పుంటికూర తొక్కు లేదా?" "అరకిలో సీసా ఎంత ఉంటుంది?" "నేను డాలస్‌లో ఉన్నాను, తెనాలిలో మా అమ్మకు పంపాలి, ఎవరి నంబరు ఇవ్వాలి?"

ఒక్కో ప్రశ్నను ఒక్కో చీటీ మీద రాసి నేల మీద పరిచాం. కుప్పలు నాలుగే అయ్యాయి. సరుకు సంగతి ఒకటి, మొత్తం ఎంత అవుతుందన్నది ఒకటి, ఎవరి పేరున ఎలా పంపాలన్నది ఒకటి, కట్టిన డబ్బు ఏమైందన్నది ఒకటి. రంగుల గురించి ఒక్క చీటీ కూడా లేదు. యజమాని చాలాసేపు ఆ చీటీల వైపు చూస్తూ నిలబడ్డారు.

ఆ తరువాత ఆరుగురి ఇళ్లకు వెళ్లి, వారి సొంత ఫోన్లలోనే కొనమని చెప్పి పక్కన కూర్చున్నాను. అయిదుగురితో చూస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని వెబ్‌సైట్ల వాడకంలో నిపుణుడైన జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఆ మాట ఈ వృత్తిలో సామెతలా స్థిరపడింది. అయితే ఆ అయిదుగురూ ఒకే తరహా వాడకందారులైతేనే ఆ లెక్క నిలుస్తుంది. ఇక్కడ తమ ఇంటికి కొనుక్కునేవారు వేరు, దూరాన ఉండి అమ్మానాన్నలకు పంపేవారు వేరు. రెండో రకం వారితో వీడియో కాల్‌లో విడిగా మాట్లాడాల్సి వచ్చింది.

సరుకు దగ్గర

పాత సైటులో విభాగాలు ఇలా ఉండేవి: 'క్లాసిక్', 'ప్రీమియం', 'సిగ్నేచర్'. పెట్టింది మొదటి డెవలపర్. ప్రీమియంలో ఏమి ఉంటుందో ఆరుగురిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. యజమానిని అడిగితే ఆయన కూడా ఒక క్షణం ఆగారు. బజారులో ఊరగాయల దుకాణానికి వెళ్లినవారు ప్రీమియం ఇవ్వండి అని అడగరు. మామిడికాయవి ఏమున్నాయి, వెల్లుల్లి లేనివి ఏమున్నాయి, అన్నంలోకి పొడులు ఉన్నాయా అని అడుగుతారు. విభాగాలను ఆ మాటలతోనే మార్చాం.

వెల్లుల్లి దగ్గర మాత్రం కథ మరో మలుపు తిరిగింది. 'వెల్లుల్లి లేనివి' అని ఫిల్టర్ పెట్టడం గంట పని. పెట్టి, ఒక పెద్దాయనకు చూపించాను. "లేనివి అంటే వేయలేదనా, ఆ గరిటె కూడా తగలలేదనా?" అన్నారు. వెల్లుల్లి తినని ఇళ్లలో ఆ తేడా చిన్నది కాదు. వంటశాలలో అడిగితే పళ్లేలు, గరిటెలు రెండింటికీ ఒకటే అని తేలింది. సైటులో చక్కటి వాక్యం రాయవచ్చు కానీ అది అబద్ధం అవుతుంది. చివరకు వెల్లుల్లి లేని పచ్చళ్లకు వేరే బేసిన్లు, వేరే గరిటెలు కొన్నారు, కలిపే రోజు కూడా వేరు చేశారు. ఆ తరువాతే 'వెల్లుల్లి తగలకుండా విడిగా కలిపినది' అన్న వరుస పేజీలోకి ఎక్కింది. నా పని వంటగది దాకా వెళ్లిన సందర్భం ఇదొక్కటే.

రెండో పెద్ద ప్రశ్న, ఎప్పుడు పెట్టింది అన్నది. ప్యాకెట్ మీద ఉండాల్సిన వివరాలను ఆన్‌లైన్‌లో అమ్మేవారు సైటులోనూ చూపాలని తూనికలు కొలతల చట్టం కింది నిబంధనలు 2018 జనవరి 1 నుంచి చెబుతున్నాయి. కానీ అందులో ఒక మినహాయింపు ఉంది. తయారైన లేదా ప్యాక్ చేసిన నెల, సంవత్సరం సైటులో చూపనక్కర్లేదు. కారణం ఊహించవచ్చు. సరుకు మారుతూ ఉంటుంది, పేజీ ఒకటే. అందుకే ఎక్కువ మంది చూపరు. మా పుస్తకంలో మాత్రం ఎక్కువసార్లు కనిపించిన ప్రశ్న సరిగ్గా అదే. ఆవకాయ ఏడాదికి ఒకసారి, ఎండాకాలంలో కాయ ముదిరాక పెట్టేది. కొత్తావకాయ కోసం ఎదురుచూసేవారు కొందరు, బాగా ఊరి ముక్క మెత్తబడ్డాక కావాలనేవారు కొందరు. నెల చెప్పకపోతే ఇద్దరూ ఫోను చేస్తారు.

యజమాని భయపడ్డారు: "నెల వేస్తే పాత సరుకు కదలదు." అది తేలిగ్గా తీసేయాల్సిన భయం కాదు. అందుకని నెలతోపాటు అది ఇప్పుడు ఎలా ఉంటుందో ఒక ముక్క రాశాం: 'ఈ ఏడాది మే నెలలో పెట్టింది; ముక్క ఇంకా గట్టిగా ఉంది' లేదా 'ఊరి మెత్తబడింది, పులుపు బాగా దిగింది'. ఆ మాటలు చెప్పింది తల్లిగారు, నేను రాసుకున్నాను అంతే. పాత సరుకు ఆగలేదు. దాన్నే కోరి తెప్పించుకునేవారు ఉన్నారని అప్పుడు తెలిసింది.

ఫోటోల విషయం త్వరగా తేలిపోయింది. ఎర్ర సీసాలన్నీ ఒకేలా ఉన్నాయి, చిన్న స్క్రీన్‌లో లేబుల్ చదవడం కుదరదు. ప్రతి పచ్చడినీ తెల్ల పళ్లెంలో చెంచాడు వేసి తీశాం. సీసా కొలత తెలియడానికి పక్కన స్టీలు గ్లాసు పెట్టాం. ఆవాలు దంచే వీడియోను మొదటి పేజీ నుంచి తీసేశాం. పేజీలోని ముఖ్య భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. ఆ వీడియో ఉన్నంతకాలం పల్లె నెట్‌వర్క్‌లో దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు.

వెతికే మాటలు

ఈ భాగంలో నేను ఎక్కువ నేర్చుకున్నాను. సెర్చ్ పెట్టెలో ఏమి కొట్టారు, ఏమీ దొరకనివి ఏవి అన్న జాబితా తీయించాం. సైటులో గోంగూర ఉంది, తెలంగాణవారు పుంటికూర అని వెతికారు. పచ్చడి ఉంది, తొక్కు అని వెతికారు. వెల్లుల్లి కారం ఉంది, ఎల్లిపాయ కారం అని వెతికారు. సరుకు చేతికి అందే దూరంలో ఉంది, పెట్టె మాత్రం 'ఏమీ లేవు' అని చెబుతోంది. వారిలో కొందరే ఫోను చేసి ఉంటారు, మిగతావారు వెళ్లిపోయి ఉంటారు.

దానికి తోడు తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసేవారికి స్థిరమైన అక్షరక్రమం లేదు. మాగాయలో దీర్ఘానికి ఒకరు ఒక 'ఏ' వేస్తారు, ఒకరు రెండు. చింతకాయలో 'త'కు కొందరు 'హెచ్' చేరుస్తారు, కొందరు చేర్చరు. 'కాయ' చివరను కొందరు 'ఐ'తో ముగిస్తారు. వీటిలో ఏదీ తప్పు కాదు.

డెవలపర్ ముందు సులువైన దారి చెప్పాడు: అక్షరాలు కాస్త అటూఇటూ అయినా దగ్గరి మాటను చూపించే ఏర్పాటు. పెట్టి చూశాం. కంద పచ్చడి వెతికితే కంది పొడి వచ్చింది. ఇంగ్లిషు అక్షరాల్లో కందకూ కందికీ ఒక్క అక్షరమే తేడా. మా సరుకు వంద రకాలు కూడా లేదు, ఆ మాత్రానికి యంత్రం తెలివి అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం ప్యాకింగ్ బల్ల దగ్గర తల్లిగారు, ఖమ్మం నుంచి వచ్చి అక్కడ పని చేస్తున్న ఇద్దరు అమ్మాయిలు, నేను కూర్చుని ప్రతి సరుకుకూ ఉన్న పేర్లన్నీ, వాటిని ఇంగ్లిషులో రాయగల తీరులన్నీ పట్టికగా రాశాం. చాలా సేపు నవ్వుకున్నాం కూడా. ఆ పట్టికే ఇప్పుడు సెర్చ్ వెనుక పనిచేస్తోంది. 'ఏమీ లేవు' జాబితాను నెలకోసారి చూసి కొత్త మాటలు కలుపుతారు.

తెలుగు గురించే ఇంకో మాట. పాత సైటుకు తెలుగు రూపం ఉంది, యంత్రం చేసిన అనువాదం. కార్టులో వేసే బటన్ మీద 'బండికి జోడించు' అని ఉంది. డబ్బు కట్టడానికి వెళ్లే బటన్ మీద 'తనిఖీ చేయండి' అని ఉంది. పరీక్షలో కూర్చున్న ఒకావిడ ఆ బటన్ చూసి ఆగిపోయారు. "ఏమి తనిఖీ చేయాలి?" అని నన్నే అడిగారు. ఇలాంటి పరీక్షలో పక్కనున్నవారు సాయం చేయకూడదు, నేను చెప్పలేదు, ఆమె ఫోను పక్కన పెట్టేశారు. అచ్చ తెలుగు కోసం తంటాలు పడకుండా 'కార్టులో వేయండి', 'డబ్బు కట్టండి' అని రాయించాం. బటన్ నొక్కితే ఏమి జరుగుతుందో అదే దాని మీద ఉండాలి.

చిరునామా

చెకౌట్‌లో, అంటే చిరునామా ఇచ్చి డబ్బు కట్టే దశలో, మొదట ఎదురయ్యేది అకౌంటు తెరవమనే పేజీ. పాస్‌వర్డు పెట్టాలి, అందులో ఒక పెద్ద అక్షరం, ఒక గుర్తు ఉండాలి. పచ్చడి కొనడానికి! అమెరికాలో ఒక పెద్ద దుకాణం రిజిస్టర్ అనే బటన్ స్థానంలో 'కొనసాగండి' అని పెట్టి, అకౌంటు అవసరం లేదని ఒక వాక్యం చేర్చినందుకు మొదటి ఏడాదిలోనే అమ్మకాలు 30 కోట్ల డాలర్లు పెరిగాయని ఇదే వృత్తిలో ఉన్న జేరెడ్ స్పూల్ 2009లో రాశారు. ఈ వృత్తిలో ఉన్నవారంతా ఆ కథ వినే ఉంటారు, అయినా ఈ పేజీ ఎక్కడికి వెళ్లినా కనిపిస్తూనే ఉంటుంది. తీసేశాం.

పేరు దగ్గర 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని రెండు గళ్లు. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. మొదటి గడిలో కొందరు ఇంటిపేరు రాశారు, కొందరు సొంత పేరు రాసి రెండో గడిలో ఏమి రాయాలో తెలియక చుక్క పెట్టారు. చుక్కను సైటు ఒప్పుకోలేదు. ఒక్క గడి చాలు, 'పేరు' అని.

జిల్లా ఎంచుకునే జాబితా ఇంకా విచిత్రం. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. సైటులో పాత 13 మాత్రమే ఉన్నాయి. నరసరావుపేట ఆయన పల్నాడు కోసం జాబితాను రెండుసార్లు పైనుంచి కిందికి జరిపి, గుంటూరు ఎంచుకోవడానికి మనసొప్పక ఆగిపోయారు. జాబితాను సరిచేద్దాం అన్నాడు డెవలపర్. అసలు జిల్లా ఎందుకు అడుగుతున్నాం అన్నాను. సరుకు వెళ్లేది పిన్‌కోడ్‌ను బట్టి. 1972 ఆగస్టు 15న వచ్చిన ఆ ఆరంకెల్లో మొదటి మూడు అంకెలు సార్టింగ్ జిల్లాను (ఉత్తరాలను వేరుచేసే ప్రాంతాన్ని), చివరి మూడు పోస్టాఫీసును చెబుతాయి. దాన్ని ముందు అడిగితే రాష్ట్రం తనంతట తానే నిండుతుంది. జిల్లా గడి ఎగిరిపోయింది. ఒకే పిన్‌కోడ్ కింద చాలా ఊళ్లు ఉంటాయి కాబట్టి ఊరి పేరు మాత్రం రాయించుకుంటాం. 'కొండగుర్తు' గడిని పెద్దది చేశాం. రామాలయం ఎదురుగా, నీళ్ల ట్యాంకు పక్క సందు అని మనవాళ్లు రాసేదాన్ని బట్టే డెలివరీ కుర్రాడు వస్తాడు, ఇంటి నంబరు చూసి కాదు.

తెనాలిలో అమ్మకు పంపే డాలస్ అమ్మాయి సంగతి. ఫారం ఒక్క ఫోను నంబరే అడిగేది, అదీ పది అంకెల భారతీయ నంబరు. అమ్మ నంబరు ఇస్తే ఆర్డరు సందేశాలన్నీ అమ్మకే వెళ్లి ఆమె కంగారు పడేది. తన నంబరు ఇస్తే సైటు ఒప్పుకోదు. ఇప్పుడు రెండు గళ్లు ఉన్నాయి: 'డెలివరీ కుర్రాడు ఎవరికి ఫోను చేయాలి?', 'ఆర్డరు సమాచారం ఎవరికి పంపాలి?' రెండోది ఏ దేశం నంబరైనా కావచ్చు. ప్రశ్న రూపంలో రాయడం వల్ల ఎవరూ తికమకపడలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చెకౌట్‌ను నాలుగు చిన్న పేజీలుగా విడగొట్టమన్నది నేనే. కాగితం మీద చక్కగా ఉంది, ఒక్కో పేజీకి ఒక్కో సంగతి. పల్లెలో పరీక్షిస్తే ప్రతి పేజీకీ చక్రం తిరుగుతూనే ఉంది. ఒక పెద్దాయన మూడో పేజీలో వెనక్కి నొక్కారు, కార్టు ఖాళీ అయింది. ఆయన మళ్లీ మొదలుపెట్టలేదు. ఒకే పొడవాటి పేజీకి తిరిగి వచ్చాం.

డబ్బు

కొరియర్ ఖర్చు చివరి పేజీలో బయటపడేది. కిలో పచ్చడికి ధర ఒకటి చూసి, చివర మరొకటి కనబడితే మోసం చేసినట్టే అనిపిస్తుంది. 2023 నవంబరు 30న వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కొనేవారిని తప్పుదారి పట్టించే 13 పద్ధతులను డార్క్ ప్యాటర్న్‌లంటూ నిషేధించింది. ధరను విడతలుగా బయటపెట్టడం, అడగనిది కార్టులో చేర్చడం, లేని తొందర పుట్టించడం అందులో ఉన్నాయి. మా సైటులో ఈ మూడూ ఉన్నాయి. బహుమతి ప్యాకింగ్‌కు ముందే టిక్కు పెట్టి ఉంది. అలా ముందే పెట్టిన టిక్కును సమ్మతిగా లెక్కించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అంతకుముందే చెప్పాయి. 'ఇంకా 2 సీసాలే' అన్న ఎర్ర అక్షరాలు ఎప్పుడు చూసినా రెండే. యజమానికి ఇవేవీ తెలియవు, కొన్న టెంప్లేట్‌లో, అంటే ముందే తయారుగా ఉన్న సైటు నమూనాలో వచ్చాయి. నిజంగా రెండే సీసాలున్న రోజు కూడా ఎవరూ నమ్మరు కదా అన్నాను. అదే రోజు తీయించారు.

ఇప్పుడు సరుకు పేజీలోనే పిన్‌కోడ్ వేస్తే కొరియర్ ఎంత, ఏ రోజుకు చేరవచ్చు అన్నది వస్తుంది. కొరియర్ వారు ఆ దుకాణానికి అరకిలో మెట్ల చొప్పున లెక్కగడతారు, మధ్యలో ఉంటే పై మెట్టుకు. సీసా, చుట్టిన గుడ్డ, డబ్బా కలిపాకే తూకం తేలుతుంది. అందుకని 'ఇదే కొరియర్ ఖర్చులో ఇంకో పావుకిలో పడుతుంది' అని లెక్క కుదిరినప్పుడు మాత్రమే చూపిస్తాం. ఫోనులో తల్లిగారు చెప్పే మాటే అది.

యూపీఐ దగ్గర దొరికిన లోపం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. డబ్బు కట్టే పేజీలో క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. కొనేవారు ఫోనులోనే కొంటున్నారు. ఆ ఫోను కెమెరాతో ఆ ఫోను స్క్రీన్‌నే స్కాన్ చేయడం ఎలా? ఒకావిడ ఇంట్లో మనవడిని పిలిచి అతని ఫోనుతో స్కాన్ చేయించారు. డబ్బు మనవడి ఖాతాలోంచి పోయింది. సైటు తయారుచేసినవారు పెద్ద స్క్రీన్ ముందు కూర్చుని తయారుచేశారు, వారికి అది కనపడలేదు. ఇప్పుడు ఫోనులో అయితే యూపీఐ యాప్‌లు నేరుగా తెరుచుకుంటాయి, కంప్యూటర్‌లో అయితేనే కోడ్ వస్తుంది.

ఆ తరువాతి చిక్కు ఇంకా లోతైనది. యాప్‌లో డబ్బు కట్టాక చాలామంది సైటుకు తిరిగి రారు. యాప్‌లో పచ్చ టిక్కు చూసి ఫోను జేబులో పెట్టేస్తారు. వారు తిరిగి వస్తేనే ఆర్డరు నమోదయ్యేలా సైటు రాసి ఉంది. "డబ్బు కట్టాను, ఆర్డరు వచ్చిందా?" అన్న ఫోన్లకు మూలం ఇదే. పేమెంట్ గేట్‌వే (కొనేవారి డబ్బును దుకాణానికి చేర్చే మధ్యవర్తి సేవ) నుంచి కబురు నేరుగా సర్వర్‌కు వచ్చేలా మార్పించాం, కొనేవారు ఎక్కడున్నా ఆర్డరు నమోదవుతుంది, సందేశం వెళుతుంది. కబురు ఆలస్యమైతే 'విఫలమైంది' అనకుండా 'బ్యాంకు నుంచి సమాచారం రావాల్సి ఉంది, మళ్లీ కట్టకండి' అని చూపిస్తాం. ఆ చివరి రెండు మాటలు చేర్చాక రెండుసార్లు కట్టడం దాదాపు ఆగింది.

నాలుగు నెలల తరువాత పుస్తకం మళ్లీ చదవడానికి వెళ్లాను. వెల్లుల్లి, కొరియర్, డబ్బు అందిందా అన్న వరుసలు అక్కడొకటి ఇక్కడొకటి తప్ప లేవు. ఫోన్లు మాత్రం ఆగలేదు. 'ఈసారి కారం ఎక్కువైంది' అని ఒకరు, 'గోంగూరలో నూనె తగ్గింది' అని ఇంకొకరు. అవి నా పరిధి కాదు, వంటశాలకు పంపారు. ఎక్కువగా కనిపించిన కొత్త ప్రశ్న 'ఉసిరికాయ ఎప్పుడు వస్తుంది?' అన్నది. దీనికి మందు నా దగ్గర సిద్ధంగా ఉంది: సరుకు లేనప్పుడు 'వచ్చాక చెప్పండి' అని ఒక బటన్, నొక్కినవారికి సందేశం. యజమాని సరేనన్నారు. తల్లిగారు పుస్తకం మూసి పక్కన పెట్టి, "ఉసిరికాయ అడగడానికి చేసి పిల్లల సంగతులు కూడా చెబుతారు. ఆ ఒక్క బటన్ పెట్టకు బాబూ" అన్నారు.

ఇప్పటికి పెట్టలేదు.